ఆరు వారాల్లో ప్రపంచ చరిత్ర

వియన్నాలో కొలువు దొరకని ఓ యువ పరిశోధకుడు పిల్లల కోసం దాదాపు రోజుకో అధ్యాయం చొప్పున రాసిన పుస్తకం అది. నాజీలు దాన్ని నిషేధించారు. రచయిత అప్పటికే దేశం దాటాడు. యాభై ఏళ్లకు ఆ పుస్తకం మళ్లీ అచ్చయింది. మరో ఇరవై ఏళ్లకు ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఎర్నెస్ట్ గోంబ్రిక్ పిల్లలకు చరిత్రను ఎలా చెప్పాడు? తాను రాసినదాన్ని తానే ఎందుకు దిద్దుకున్నాడు?

చేతిలో డాక్టరేట్ ఉంది. ఉద్యోగం లేదు. 1935లో ఎర్నెస్ట్ గోంబ్రిక్ పరిస్థితి ఇదీ. ఊరు ఆస్ట్రియా రాజధాని వియన్నా. చదివింది కళల చరిత్ర. ఆర్థిక మాంద్యంతో కుదేలైన దేశంలో ఆ చదువుకు గిరాకీ అంతంతమాత్రం. దానికితోడు యూదు మూలాలున్న కుటుంబం. పక్కనే జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కి రెండేళ్లు దాటింది. వియన్నాలోనూ ఆ గాలి వీస్తూనే ఉంది. పాతికేళ్లు దాటిన ఆ కుర్రాడిని పిలిచి కొలువిచ్చేవాళ్లు లేరు.

అలాంటి రోజుల్లో వాల్టర్ న్యూరాత్ అనే యువ ప్రచురణకర్త ఆయనకు ఒక ఇంగ్లిష్ పుస్తకం పంపించాడు. పిల్లల కోసం రాసిన చరిత్ర. దాన్ని జర్మన్‌లోకి అనువదించి ఇమ్మన్నాడు. నాలుగు డబ్బులు చేతికొచ్చే పని, ఇంకొకరైతే కళ్లకద్దుకుని తీసుకునేవారు. గోంబ్రిక్ మాత్రం పుస్తకం తిరగేసి పెదవి విరిచాడు. దీన్ని అనువదించడం దండగ, ఇంతకన్నా బాగా నేనే రాయగలనని చెప్పేశాడు. సరే, ఒక అధ్యాయం రాసి చూపించమన్నాడు న్యూరాత్.

మధ్యయుగాల యూరప్‌లో ఉక్కు కవచాలు తొడుక్కుని గుర్రాల మీద తిరిగిన నైట్ల గురించి గోంబ్రిక్ ఒక అధ్యాయం రాసిచ్చాడు. న్యూరాత్‌కు నచ్చింది. కాకపోతే ఒక మెలిక పెట్టాడు. పుస్తకం అనుకున్న వేళకు బయటికి రావాలంటే మొత్తం రాతప్రతి ఆరు వారాల్లో అందాలి. ఆదిమానవుడి దగ్గర్నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా, ఆరు వారాల్లో!

గోంబ్రిక్ ఒప్పుకున్నాడు.

పాపకు రాసిన ఉత్తరం

అంత ధైర్యం ఎక్కడిది? దాని వెనక ఒక చిన్న పాప ఉంది.

గోంబ్రిక్ డాక్టరేట్ కోసం ఎంచుకున్నది ఇటలీలోని మాంటువా నగరంలో ఉన్న పలాత్సో దెల్ తే అనే విలాస భవనం. పదహారో శతాబ్దంలో జూలియో రొమానో అనే కళాకారుడు దాన్ని కట్టి, బొమ్మలతో నింపాడు. అందులో ఒక గదిలో గోడలు, పైకప్పు అన్న తేడా లేకుండా కూలిపోతున్న కొండలు, వాటి కింద నలిగిపోతున్న రాక్షసులే కనిపిస్తారు. ఈ భవనం మీద పరిశోధన గ్రంథం రాస్తూ తీరిక లేకుండా ఉన్న రోజుల్లో, స్నేహితుల చిన్న కూతురు ఆయన్ను అడిగింది, ఇంతకీ మీరు చేస్తున్న పనేమిటని. ఆయన ఆ పాపకు ఉత్తరం రాశాడు. పండితుల ముందు పెట్టాల్సిన పరిశోధననంతా జానపద కథ చెప్పినట్టు చెప్పేశాడు.

తెలివైన పిల్లలకు మామూలు మాటల్లో చెప్పలేని విషయమంటూ దాదాపు ఉండదన్న నమ్మకం ఆయనకు అప్పుడే కుదిరింది. చివరిదాకా పోలేదు కూడా. తర్వాతి కాలంలో కళా చరిత్రలో పెద్ద పండితుడిగా పేరు తెచ్చుకున్నా, తోటి పండితుల పరిభాష అంటే ఆయనకు చిరాకే. ప్రపంచ చరిత్రను ఎలా చెప్పాలన్న ప్రశ్నకు జవాబు ఆ ఉత్తరంలో దొరికింది. ఎదురుగా తరగతి గది లేదు, పాఠ్యప్రణాళిక లేదు. ప్రశ్నలు వేసే ఒక్క పిల్ల ఉందనుకుని రాయడమే.

పియానో మోగే ఇల్లు

గోంబ్రిక్ 1909 మార్చి 30న వియన్నాలో పుట్టాడు. తండ్రి కార్ల్ న్యాయవాది, కవి హ్యూగో ఫాన్ హాఫ్‌మన్‌స్టాల్‌కు చిన్ననాటి సహాధ్యాయి. తల్లి లియోనీ హాక్ పియానో విద్వాంసురాలు. ఆమె సంగీతం నేర్చుకున్న గురువుల్లో స్వరకర్త ఆంటన్ బ్రుక్‌నర్ ఒకరు. ఈ బ్రుక్‌నర్ పేరు గుర్తుంచుకోవాలి. యుద్ధం చివరి రోజుల్లో, మరో దేశంలో, గోంబ్రిక్ జీవితంలోకి ఆయన సంగీతం మరోసారి వస్తుంది. అక్క డియా వయొలిన్ విద్వాంసురాలైంది. ఎర్నెస్ట్ సెల్లో నేర్చుకున్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన తర్వాత ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం ముక్కలైంది. సామ్రాజ్యానికి రాజధానిగా వెలిగిన వియన్నాకు తిండిగింజలు కరువయ్యాయి. అప్పుడే పుట్టిన 'సేవ్ ద చిల్డ్రన్' సంస్థ ఆకలితో చిక్కిపోయిన పిల్లలను ఇతర దేశాల్లోని కుటుంబాలకు పంపింది. అలా వెళ్లిన పిల్లల్లో గోంబ్రిక్ ఒకడు. స్వీడన్‌లో ఒక వడ్రంగి ఇంట్లో కొన్ని నెలలపాటు పెరిగి, ఒళ్లు చేసి తిరిగొచ్చాడు. చరిత్ర పుస్తకంలో ఒక వాక్యంగా మిగిలిపోయే సంఘటన పిల్లల ఒంటికి ఎలా తగులుతుందో పన్నెండేళ్లు నిండకముందే అనుభవమైంది.

థెరీజియానుమ్ అనే పేరున్న బడిలో చదివి, వియన్నా విశ్వవిద్యాలయంలో యూలియస్ ఫాన్ ష్లోసర్ దగ్గర కళా చరిత్ర నేర్చుకున్నాడు. 1933లో డాక్టరేట్ చేతికొచ్చింది. ఆ తర్వాత చాలాకాలం ఖాళీయే.

పొద్దున చదువు, రాత్రి రాత

ఆరు వారాల గడువుకు గోంబ్రిక్ ఒక దినచర్య వేసుకున్నాడు. పొద్దున్నే ఇంట్లో ఉన్న పుస్తకాలు ముందేసుకుని ఆ రోజు రాయాల్సిన కాలం గురించి చదవడం. మధ్యాహ్నం గ్రంథాలయానికి వెళ్లి, వీలైనంతవరకు ఆ కాలంలోనే పుట్టిన రాతలను వెతికి చూడటం. రాత్రికి అధ్యాయం పూర్తి చేయడం. తెల్లారితే మరో శతాబ్దం.

ఆదివారాలు మాత్రం రాత ఉండదు. ఆ రోజు ఆయనకు శ్రోత కావాలి. ఆ శ్రోత పేరు ఇల్సె హెల్లర్. బొహీమియా నుంచి పియానో నేర్చుకోవడానికి వచ్చి, గోంబ్రిక్ తల్లికి శిష్యురాలైన అమ్మాయి. వారమంతా రాసిన అధ్యాయాలను ఆదివారం ఆమెకు చదివి వినిపించేవాడు. మరుసటి ఏడాది వాళ్లిద్దరికీ పెళ్లయింది. ఈ పుస్తకాన్ని పైకి చదివితే ఎక్కడా ఊపిరి తడబడదు. మొదటి రోజు నుంచీ అది చెవిని దాటుకుని అచ్చుకు వెళ్లిన రచన.

1935లో 'ఐనె కుర్త్సె వెల్ట్‌గెషిష్టె ఫ్యూర్ యుంగె లేజర్' వెలువడింది. యువ పాఠకుల కోసం ప్రపంచ చరిత్ర సంగ్రహం అని అర్థం. ఫ్రాంజ్ కాట్జర్ బొమ్మలు వేశాడు. పుస్తకం బాగా అమ్ముడుపోయింది. కొద్దికాలంలోనే మరో ఐదు భాషల్లోకి వెళ్లింది.

బావిలోకి జారవిడిచిన కాగితం

చరిత్ర అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేవి పట్టాభిషేకాల సంవత్సరాలు, యుద్ధాల పట్టికలు. గోంబ్రిక్ పుస్తకం ఒక జ్ఞాపకంతో మొదలవుతుంది. నీకు నీ చిన్నతనం గుర్తుంది కదా, మీ అమ్మానాన్నలకు వాళ్ల చిన్నతనం, తాతయ్యలకు ఇంకా వెనకటిది గుర్తుంటుంది కదా అంటూ ఒక్కో తరం వెనక్కి తీసుకెళతాడు. ప్రతి 'అనగనగా' వెనకా ఇంకో 'అనగనగా' ఉంటుంది. ఎదురెదురు అద్దాల మధ్య నిలబడితే ప్రతిబింబం లోపల ప్రతిబింబం కనబడుతూనే ఉన్నట్టు. ఆ తర్వాత ఒక పాడు బావి దగ్గర నిలబెడతాడు. అడుగు కనిపించని ఆ బావిలోకి కాగితం ముక్క వెలిగించి వదిలితే, అది కిందికి పోతూ పోతూ గోడలను కాసేపు వెలిగిస్తుంది. జ్ఞాపకం ఆ కాగితమని, అది వెలిగించినంత మేరే మనకు చరిత్ర తెలుస్తుందని చెబుతాడు. చారిత్రక ఆధారాలు, వాటి పరిమితులు అనే విషయం మీద విశ్వవిద్యాలయాల్లో వారాల తరబడి పాఠాలు నడుస్తాయి. పదేళ్ల పాఠకుడికి అది రెండు పేజీల్లో అందుతుంది.

రెండో అధ్యాయంలో ప్రపంచంలోకెల్లా గొప్ప ఆవిష్కర్తలను పరిచయం చేస్తాడు. వాళ్లకు పేర్లు లేవు. నిప్పును అదుపులోకి తెచ్చినవాళ్లు, రాయిని పనిముట్టుగా మలచినవాళ్లు, గుహ గోడల మీద బొమ్మలు గీసినవాళ్లు, అన్నిటికీ మించి మాట్లాడటం కనిపెట్టినవాళ్లు. ఆదిమానవుడు అనగానే జాలిపడటమో నవ్వడమో అలవాటైన పాఠకుడు ఇక్కడ కొంచెం సర్దుకుని కూర్చుంటాడు.

బాబిలోన్ అధ్యాయానికి ఆయన పెట్టిన పేరులో ఆదివారం, సోమవారం ఉన్నాయి. రెండు నదుల మధ్య దేశంలో నక్షత్రాలను గమనించినవాళ్లు ఆకాశంలో కదిలే ఏడింటిని గుర్తించారని, వారంలో రోజులకు వాటి పేర్లే నిలిచాయని చెబుతాడు. వారాల వరస మనకూ అదే. బడి ఎగ్గొట్టాలనిపించే సోమవారానికి కూడా చరిత్ర ఉందని తెలిస్తే ఏ పిల్లవాడైనా పేజీ తిప్పుతాడు. అక్షరమాల గురించిన అధ్యాయంలో, గుప్పెడు గుర్తులతో లోకంలోని ఏ మాటనైనా రాయగలగడం ఎంత విడ్డూరమో ఆగి చూడమంటాడు.

మధ్యయుగాలను 'చీకటి యుగం' అనడం అప్పట్లో మామూలు. గోంబ్రిక్ ఆ చీకటిని కాదనలేదు. అయితే రాత్రి అన్నాక నక్షత్రాలు కూడా ఉంటాయి కదా, దారి చూసుకోవడానికి అవి చాలలేదా అని ఒక అధ్యాయానికి నక్షత్రాల రాత్రి అని పేరు పెట్టాడు. తేదీలు పుస్తకంలో లేకపోలేదు. మరీ అవసరమైన చోట మాత్రమే కనిపిస్తాయి. ఇది పాఠ్యపుస్తకానికి బదులుగా వాడాల్సింది కాదని ఆయనే చెప్పుకున్నాడు. నోట్సు రాసుకోకుండా, పేర్లు, సంవత్సరాలు బట్టీ పట్టకుండా, పరీక్ష భయం లేకుండా చదువుకోవాలన్నదే కోరిక.

నోరు రాని చోటు

పిల్లలకు చరిత్ర చెప్పేవాళ్లకు ఒక చిక్కు తప్పదు. క్రూరత్వాన్ని ఎంతవరకు చెప్పాలి? చెబితే భయపడతారు, దాచిపెడితే అబద్ధం చెప్పినట్టవుతుంది.

స్పెయిన్ సైనికులు మెక్సికోను ఆక్రమించిన కథ దగ్గర గోంబ్రిక్ ఈ చిక్కును ఎదుర్కొన్నాడు. సేనాని కోర్టెజ్ సాహసాన్ని, అక్కడి అస్తెక్‌ల నగర వైభవాన్ని, రాజు మోంతెజూమా పతనాన్ని చెప్పుకుంటూ వస్తాడు. ఆ తర్వాత ఖండమంతటా స్థానికులను తుడిచిపెట్టిన తీరు దగ్గరకొచ్చేసరికి, యూరప్ వాళ్లమైన మాకు ఇది ఎంత సిగ్గుచేటంటే ఇక చెప్పలేనని ఆపేస్తాడు. వివరాలు లేవు. అయినా ఆ అధ్యాయం చదివిన పిల్లవాడికి అక్కడ ఘోరం జరిగిందని తెలుస్తుంది, చెప్పే మనిషి ఎవరి తరఫున తలదించుకున్నాడో కూడా తెలుస్తుంది. యూరప్ దేశాలు ఆసియా, ఆఫ్రికాలను ఇంకా ఏలుతున్న 1935లో, ఒక యూరప్ రచయిత యూరప్ పిల్లలకు ఈ మాట చెప్పడం చిన్న సంగతి కాదు.

యంత్రాల యుగం దగ్గరా అంతే. ఆవిరి యంత్రాన్ని పొగిడి ఊరుకోకుండా, మగ్గం నేసి బతికినవాడికి యంత్రం వచ్చాక ఏమైందో చెబుతాడు. కడుపు మండిన కార్మికులు యంత్రాలను ఎందుకు పగలగొట్టారో, కార్ల్ మార్క్స్ ఏమన్నాడో అదే గొంతుతో వివరిస్తాడు.

అదే కాలంలో మరికొందరు

కుర్రకారుకు ప్రపంచ చరిత్రను ఒకే పుస్తకంలో చెప్పాలన్న ఉబలాటం అప్పట్లో గోంబ్రిక్ ఒక్కడిదే కాదు. డచ్ దేశంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన హెండ్రిక్ విల్లెమ్ ఫాన్ లూన్ 1921లో 'ద స్టోరీ ఆఫ్ మాన్‌కైండ్' రాశాడు. మరుసటి ఏడాది అమెరికాలో బాలసాహిత్యానికి న్యూబరీ పతకం మొదలైతే, మొట్టమొదటిది దానికే దక్కింది. మన దేశంలో జవహర్‌లాల్ నెహ్రూ 1930 అక్టోబరు నుంచి 1933 ఆగస్టు వరకు జైళ్లలో ఉంటూ కూతురు ఇందిరకు రాసిన ఉత్తరాలు 1934లో 'గ్లింప్సెస్ ఆఫ్ వరల్డ్ హిస్టరీ'గా వచ్చాయి. గోంబ్రిక్ పుస్తకానికి ఒక్క ఏడాది ముందు. ఒకరి దగ్గర జైలు గది, ఇంకొకరి దగ్గర నిరుద్యోగం. ఇద్దరి రాతకూ ఊతం ఒక అమ్మాయికి రాసిన ఉత్తరమే.

ఇద్దరినీ పక్కపక్కన పెడితే గోంబ్రిక్ పుస్తకంలోని వెలితి కూడా కనిపిస్తుంది. పేరుకు ప్రపంచ చరిత్రే అయినా దాని కేంద్రం యూరప్. చైనాలో కన్ఫ్యూషియస్‌కు, పుస్తకాలు తగలబెట్టించిన చిన్ చక్రవర్తికి, అరేబియాలో ఇస్లాం పుట్టుకకు అధ్యాయాలున్నాయి. ఆఫ్రికాకు దక్కిన చోటు బహు స్వల్పం. భారతదేశం ప్రధానంగా సింధు నాగరికత, బుద్ధుడు, అలెగ్జాండర్ దండయాత్రల ద్వారానే పరిచయమవుతుంది. నెహ్రూ ఉత్తరాల్లో విజయనగర సామ్రాజ్యం కనిపిస్తుంది. గోంబ్రిక్‌లో దాని ఊసే లేదు. వియన్నాలో కూర్చుని వియన్నా పిల్లలకు రాసిన పుస్తకం అది. దాన్ని మన పిల్లల చేతిలో పెట్టేవాళ్లు పక్కన మన చరిత్ర పుస్తకం కూడా పెట్టాల్సిందే.

బ్రుక్‌నర్ మోగిన రాత్రి

పుస్తకం బాగా అమ్ముడైనా వియన్నాలో బతుకు కుదురుకునే సూచనలు కనిపించలేదు. కళా చరిత్రకారుడు, మనోవిశ్లేషకుడు ఎర్నెస్ట్ క్రిస్ సిఫారసుతో లండన్‌లోని వార్‌బర్గ్ ఇన్‌స్టిట్యూట్‌లో చిన్న ఉద్యోగం దొరికింది. నాజీల బెడద పడలేక జర్మనీలోని హాంబర్గ్ నుంచి అప్పటికే లండన్‌కు తరలివచ్చిన సంస్థ అది. 1936లో గోంబ్రిక్ అక్కడికి చేరాడు. 1938 మార్చిలో హిట్లర్ సేనలు ఆస్ట్రియాలోకి వచ్చాయి. తల్లిదండ్రులు కూడా ఇంగ్లండ్‌కు చేరుకోగలిగారు.

నాజీలు పుస్తకాన్ని నిషేధించారు. చెప్పిన కారణం రచయిత పుట్టుక కాదు. పుస్తకంలో శాంతివాదం మితిమీరిందన్నారు. పిల్లలను యుద్ధానికి సిద్ధం చేస్తున్న ప్రభుత్వానికి, ఎవరి విజయాన్నీ ఒళ్లు మరిచి పొగడని చరిత్ర నచ్చకపోవడంలో వింత లేదు.

యుద్ధం ఆరేళ్లూ గోంబ్రిక్ బీబీసీ వాళ్ల మానిటరింగ్ సర్వీసులో పనిచేశాడు. జర్మన్ రేడియో ప్రసారాలను విని, అప్పటికప్పుడు ఇంగ్లిష్‌లోకి మార్చి పైవాళ్లకు అందించాలి. 1945 మే 1 రాత్రి, ముఖ్యమైన ప్రకటన రాబోతోందని జర్మన్ రేడియో చెప్పి గంభీరమైన సంగీతం మొదలుపెట్టింది. అది బ్రుక్‌నర్ ఏడో సింఫనీలోని భాగమని గోంబ్రిక్ పసిగట్టాడు. బ్రుక్‌నర్ దగ్గర చదువుకున్న తల్లికి కొడుకు కదా! తోటి స్వరకర్త వాగ్నర్ మరణాన్ని తలుచుకుంటూ బ్రుక్‌నర్ కూర్చిన సంగీతం అది. ఎవరో పెద్ద మనిషి పోయాడని గోంబ్రిక్ ఊహించాడు. రాగల ప్రకటనలేమిటో ముందే చీటీల మీద రాసి పెట్టుకున్నాడు. హిట్లర్ చనిపోయాడని ప్రకటన రాగానే సరైన చీటీని వేలితో చూపించాడు. పక్కవాళ్లు ఫోన్ అందుకుని లండన్‌కు కబురు చేరవేశారు. చర్చిల్‌కు ఆ వార్త అలా అందింది.

అదే యుద్ధకాలంలో స్నేహితుడు, తత్వవేత్త కార్ల్ పాపర్ న్యూజిలాండ్ నుంచి ఒక పెద్ద రాతప్రతి పంపాడు. దానికి ప్రచురణకర్తను వెతికిపెట్టే పని గోంబ్రిక్ నెత్తిన పడింది. ఆర్థికవేత్త హయెక్ సాయంతో 1945లో వెలువడిన ఆ గ్రంథమే 'ద ఓపెన్ సొసైటీ అండ్ ఇట్స్ ఎనిమీస్'. చరిత్ర ముందే గీసిన గీత మీద నడుస్తుందన్న వాదాన్ని చీల్చి చెండాడిన పుస్తకం. ఆ అపనమ్మకం గోంబ్రిక్‌కూ ఉంది. ఆయన చెప్పే కథలో ఏ జాతీ, ఏ యుగమూ విధి రాసిన పాత్ర పోషించదు. మనుషులు పొరపాట్లు చేస్తూ, నేర్చుకుంటూ, మళ్లీ మరిచిపోతూ పోతారు.

చిన్న పుస్తకం నుంచి పెద్ద పుస్తకానికి

గోంబ్రిక్ అనగానే ఇవాళ లోకానికి గుర్తొచ్చేది 1950లో ఫైడాన్ సంస్థ ప్రచురించిన 'ద స్టోరీ ఆఫ్ ఆర్ట్'. గుహల బొమ్మల నుంచి ఆధునిక చిత్రకళ దాకా సాగే ఆ కథ 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. దాని వేళ్లు కూడా పిల్లల చరిత్రలోనే ఉన్నాయి. ప్రపంచ చరిత్ర అంత బాగా చెప్పినవాడు కళల చరిత్ర కూడా చెప్పగలడన్న ఆలోచన వియన్నా రోజుల్లోనే మొదలైంది. ఫైడాన్ అధిపతి బేలా హొరోవిట్స్, గోంబ్రిక్ రాసిన భాగాన్ని టీనేజీలో ఉన్న తన కూతురికి చదవమని ఇచ్చాడు. ఆ అమ్మాయి వేసుకోవాల్సిందేనంది. మరోసారి పిల్లల తీర్పే నెగ్గింది.

తర్వాత గౌరవాలు వరస కట్టాయి. 1959 నుంచి 1976 వరకు వార్‌బర్గ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్. 1972లో సర్ బిరుదు. 1988లో ఆర్డర్ ఆఫ్ మెరిట్. 'ఆర్ట్ అండ్ ఇల్యూజన్' వంటి గ్రంథాలు మనం బొమ్మను ఎలా చూస్తామన్న ప్రశ్ననే మార్చేశాయి. ఈ హోరులో వియన్నాలో రాసిన చిన్న పుస్తకం వెనకబడిపోయింది.

యాభై ఏళ్ల తర్వాత దిద్దుబాటు

1985లో జర్మనీలోని కొలోన్ నగరానికి చెందిన డ్యూమాంట్ సంస్థ దాన్ని మళ్లీ వేసింది. గోంబ్రిక్‌కు అప్పటికి 76 ఏళ్లు. పాతికేళ్లప్పుడు రాసిన పుస్తకాన్ని అలాగే వదిలేయొచ్చు. లేదా ఎవరికీ తెలియకుండా అక్కడక్కడా సవరించి ఊరుకోవచ్చు. ఆయన మూడో దారి పట్టాడు. కొత్తగా ఒక ముగింపు అధ్యాయం రాసి, పిల్లల ముందే తన పుస్తకాన్ని తప్పుపట్టాడు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగింపు గురించి రాసిన భాగం ఆయన్ను చాలాకాలం వేధించింది. అమెరికా అధ్యక్షుడు విల్సన్ న్యాయమైన సంధి చేస్తానని మాటిచ్చి తప్పాడని ఓడినవాళ్లంతా నమ్మారు, తానూ అదే నమ్మి రాసేశాడు. అసలు జరిగింది వేరు. దాన్ని తెలుసుకోవడానికి ఆధారాలు అప్పుడే అందుబాటులో ఉన్నా తాను వెతకలేదు. చుట్టూ ఉన్నవాళ్లు చెప్పుకునేది కదా అని సరిచూడకుండా రాస్తే ఇలాగే అవుతుందని పిల్లలకు నేరుగా చెప్పాడు.

రెండో దిద్దుబాటు ఇంకా లోతైనది. పద్దెనిమిదో శతాబ్దపు జ్ఞానోదయ యుగాన్ని ఆయన 1935లో ఎంతో ఇష్టంగా రాశాడు. నమ్మకం వేరైనంత మాత్రాన మనిషిని హింసించే రోజులు పోయాయని, యూరప్ ఆ మెట్టు ఎక్కేసిందని ఆ కుర్రాడి భరోసా. పదేళ్లు తిరక్కుండానే లక్షలాది మంది యూదులను మరణ శిబిరాల్లో చంపేశారు. ఇంత దిగజారుతామని అప్పుడు నాకెలా తెలుస్తుందని ఆ ముసలాయన తన పాత అధ్యాయాన్నే అడుగుతాడు.

చిత్రమేమిటంటే, ఆ దిగజారుడు ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి ఆ చివరి అధ్యాయంలో ఆయన ఒక బౌద్ధ భిక్షువు మాటను ఆసరా చేసుకున్నాడు. లోకంలో నా అంత తెలివైనవాడు, బలవంతుడు లేడని ఒక మనిషి అంటే నవ్వుతాం. 'నేను' తీసేసి 'మేము' అంటే చాలు, అదే మాటకు జనం చప్పట్లు కొడతారు, దేశభక్తి అంటారు. భిక్షువు చెప్పింది ఇదీ. అణుబాంబును, రెండు ప్రపంచ యుద్ధాలను చూసినవాడు కాబట్టి ఉత్త భరోసాలు ఇవ్వలేదు. యుద్ధం తర్వాత కోలుకున్న దేశాలను, ఎక్కడో విపత్తు వస్తే ఇంకెక్కడి నుంచో సాయం వెళ్లడాన్ని లెక్కలోకి తీసుకుని, ఆశపడే హక్కు మనకుందని మాత్రం అన్నాడు.

తండ్రి పుస్తకంలో పదో అధ్యాయం బుద్ధుడిది. కొడుకు జీవితమంతా ఆ అధ్యాయంలోనే గడిచింది. 1937లో పుట్టిన రిచర్డ్ గోంబ్రిక్ సంస్కృతం, పాళీ చదివి, 1976 నుంచి 2004 వరకు ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృత ఆచార్య పీఠమైన బోడెన్ ప్రొఫెసర్‌గా ఉన్నాడు. థేరవాద బౌద్ధం మీద ఆయన రాసినవి ప్రామాణిక గ్రంథాలు.

మిగిలిపోయిన అధ్యాయాలు

ఎన్నో భాషల్లో వచ్చినా, ఇంగ్లండ్‌లో అరవై ఏళ్లకు పైగా ఉన్న రచయిత పుస్తకం ఇంగ్లిష్‌లో లేదు. ఆ భాషలోకి తెస్తే తానే తేవాలని గోంబ్రిక్ పట్టుబట్టడం అందుకు ఒక కారణం. మిగతా పనులు తెమిలేవి కావు. చివరికి తొంభయ్యో పడిలో, సహాయకురాలు కారొలీన్ మస్టిల్‌తో కలిసి ఆ పనికి కూర్చున్నాడు. అనువాదంతో పాటు సవరణలూ సాగాయి. ఇంగ్లిష్ పిల్లల కోసం షేక్‌స్పియర్ గురించి, పౌరహక్కుల చట్టం 'బిల్ ఆఫ్ రైట్స్' గురించి కొత్తగా రాయాలనుకున్నాడు. 2001 నవంబరు 3న, 92 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మిగిలిన పని మస్టిల్ పూర్తి చేసింది. రిచర్డ్ కూతురు లియోనీ ముందుమాట రాసింది.  క్లిఫర్డ్ హార్పర్ బొమ్మలతో యేల్ విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ 2005లో 'ఎ లిటిల్ హిస్టరీ ఆఫ్ ద వరల్డ్'ను విడుదల చేసింది. నలభై చిన్న అధ్యాయాలు.

పుస్తకం ఎంత బాగా పోయిందంటే, ప్రచురణకర్తలు అదే అచ్చులో ఒక వరసే మొదలుపెట్టారు. తత్వశాస్త్రానికి నైజెల్ వార్‌బర్టన్, విజ్ఞానశాస్త్రానికి విలియం బైనమ్, సాహిత్యానికి జాన్ సదర్లాండ్, మతాలకు రిచర్డ్ హాలోవే, ఆర్థికశాస్త్రానికి నియాల్ కిష్టయినీ 'లిటిల్ హిస్టరీ'లు రాశారు. అన్నిట్లోనూ చిన్న అధ్యాయాలు, మామూలు మాటలు. గోంబ్రిక్ రాయాలనుకుని రాయలేకపోయిన షేక్‌స్పియర్ అధ్యాయం, 2013లో వచ్చిన సదర్లాండ్ పుస్తకంలో ఉంది.